బిగ్ త్రీ: ఏ రికార్డులో ఎవరున్నారు, ఎందుకు మారారు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. డెక్కా కంపెనీ వేసిన ‘అట్ ది కేవర్న్’ ఈపీ (నాలుగు పాటల చిన్న రికార్డు) ఒకటి మీ చేతికొచ్చింది. బ్యాండ్ పేరు బిగ్ త్రీ, 1960ల నాటి లివర్‌పూల్ ముగ్గురి రాక్ బ్యాండ్. వివరాలు వెతికితే ముగ్గురి పేర్లు రావాల్సింది పోయి ఎనిమిది, తొమ్మిది పేర్లు వచ్చాయి. ఇందులో గిటార్ ఆడ్రియన్ బార్బర్‌దా, బ్రయన్ గ్రిఫిత్స్‌దా? బీటిల్స్‌కు బాస్ ఆంప్ (బాస్ గిటార్ శబ్దాన్ని పెంచే పరికరం) చేసిచ్చింది వీళ్లలో ఒకరేనా? లివర్‌పూల్ వాళ్లంతా అంత గొప్పగా చెప్పే బ్యాండ్ మూడేళ్లకే ఎందుకు చెల్లాచెదురైంది?

ముందు సూటిగా చెప్తాను. మీ ఈపీలో డ్రమ్స్ జానీ హచిన్సన్, బాస్ జానీ గస్టఫ్సన్, గిటార్ బ్రయన్ గ్రిఫిత్స్. బార్బర్ లేడు. ఆ మాటకొస్తే డెక్కా అమ్మిన బిగ్ త్రీ రికార్డుల్లో ఒక్కదాంట్లోనూ అతను లేడు. ఆంప్ చేసిచ్చింది మాత్రం అతనే. ఈ బ్యాండ్‌కు పేరు తెచ్చిన శబ్దం ఒక ముగ్గురిది, రికార్డుల మీద మిగిలింది ఇంకో ముగ్గురిది. గందరగోళంలో సగం ఇక్కడే పుట్టింది.

మిగతా సగం పేర్లది. ఈ కథలో బ్రయన్‌లే నలుగురు: మొదటి నాయకుడు బ్రయన్ కాసర్, తొలి డ్రమ్మర్ బ్రయన్ హడ్సన్, తర్వాత గిటారిస్టు బ్రయన్ గ్రిఫిత్స్, బీటిల్స్‌కూ వీళ్లకూ మేనేజరైన బ్రయన్ ఎప్‌స్టీన్. జానీలు ఇద్దరు. అందుకే ఆ ఊళ్లో వాళ్లను హచ్, గస్, గ్రిఫ్ అనేవారు, నేనూ అలాగే రాస్తాను. ‘సీనియర్స్’ అనే బ్యాండ్ కూడా రెండుసార్లు వస్తుంది, రెండూ వేర్వేరు. వీటన్నిటికీ తోడు అదే కాలంలో అమెరికాలో బిగ్ త్రీ అనే జానపద బృందం ఒకటి ఉంది. కాస్ ఎలియట్, టిమ్ రోజ్, జేమ్స్ హెండ్రిక్స్ అందులో వాళ్లు. ఇక్కడ కాస్ అంటే బ్రయన్ కాసర్, అక్కడ కాస్ ఎలియట్. పాటల యాప్‌లలో ఈ రెండు బ్యాండ్ల పాటలూ ఒకే పేజీలో కలిసిపోయి కనిపించడం మామూలే. బాంజో, ఆడగొంతు వినిపిస్తే అది మీకు కావలసింది కాదని అక్కడే ఆపేయండి.

మొదట్నించీ వద్దాం. 1959లో లివర్‌పూల్‌లో కాస్ అండ్ ది కాసనోవాస్ మొదలైంది. పాట, గిటార్ కాసర్, ఇంకో గిటార్ బార్బర్, డ్రమ్స్ హడ్సన్. హడ్సన్ స్థానంలోకి హచ్ వచ్చాడు. ఆ తర్వాత గస్ చేరాడు. గస్ దగ్గర అప్పటికి సరైన బాస్ గిటార్ లేదు. మామూలు అకూస్టిక్ గిటార్‌నే బార్బర్ బాస్‌గా మార్చి ఇచ్చాడు. బార్బర్ చేతి పనితనం ఎలాంటిదో ఇక్కడే తెలుస్తుంది. అతను గిటారిస్టు కంటే ముందు ఎలక్ట్రికల్ పనిమంతుడు.

కాసర్ ముందుండి నడిపించే మనిషి. సభికులను పలకరించడం, ప్రోగ్రాములు పట్టుకురావడం అతని పని. 1960 చివర అతను బయటికొచ్చాక మిగిలిన ముగ్గురూ నాలుగో మనిషిని వెతకలేదు. ముగ్గురమే చాలనుకుని 1961లో బిగ్ త్రీ అయ్యారు. అప్పటి లివర్‌పూల్‌లో ఇది మామూలు విషయం కాదు. లీడ్ గిటార్, రిథమ్ గిటార్, బాస్, డ్రమ్స్ అనే నలుగురి లెక్క అప్పటికే స్థిరపడింది. చాలా బ్యాండ్లలో వాయిద్యం లేకుండా పాడటానికే ఒక ఐదో మనిషి ఉండేవాడు.

రిథమ్ గిటార్ తీసేస్తే ఏమవుతుందో ఒకసారి చూడండి. నలుగురి బ్యాండ్‌లో లీడ్ వాయించేవాడు సోలోకి వెళ్లినా వెనక కార్డులు (ఒకేసారి కలిపి మోగించే స్వరాలు) ఆగవు. ముగ్గురిలో అలా కాదు. గిటార్ సోలోలోకి వెళ్లగానే మధ్యలో పెద్ద ఖాళీ పడుతుంది, కింద బాస్, పైన డ్రమ్మర్ తాళాలు (సింబల్స్) మాత్రమే మిగులుతాయి. ఆ ఖాళీని పూడ్చడానికి దారులు మూడే. బాస్ రూట్ స్వరం (కార్డుకు ఆధారమైన స్వరం) మీద నిలబడకుండా కార్డులోని మిగతా స్వరాల మీద తిరగాలి. గిటార్ ఒంటి తీగ సోలో కాకుండా రెండు మూడు తీగలు కలిపి, మధ్యమధ్య కార్డు కొడుతూ వాయించాలి. డ్రమ్మర్ సింబల్‌ను తెరిచి, మోత ఆగకుండా ఉంచాలి. బిగ్ త్రీ ఈ మూడూ చేసింది. పైగా హచ్ డ్రమ్స్ వాయిస్తూనే పాడేవాడు. నాలుగో గొంతు లేదు కాబట్టి ముగ్గురూ పాడక తప్పేది కాదు.

ఇవన్నీ చేసినా ఇంకో చిక్కు మిగులుతుంది. హచ్ చాలా గట్టిగా వాయించేవాడు. ఆ డ్రమ్స్ ముందు అప్పటి చిన్న ఆంపులు నిలవలేదు. అక్కడే బార్బర్ పెట్టెలు వచ్చాయి. నల్లగా, మనిషంత ఎత్తున, నిలువుగా ఉండే ఆ స్పీకర్ పెట్టెలను ఊరంతా శవపేటికలనేది. 1962లో పాల్ మెకార్ట్నీ కూడా ఒకటి చేయించుకున్నాడు. దాంట్లో 15 అంగుళాల స్పీకర్, దాన్ని నడపడానికి క్వాడ్ కంపెనీ ఆంప్. ఆ క్వాడ్ ఇళ్లలో గ్రామఫోన్ రికార్డులు వినడానికి చేసిన హైఫై ఆంప్, దాని శక్తి 15 వాట్లు. గిటార్లకు వాడే వాక్స్ ఏసీ30 దీనికి రెట్టింపు, 30 వాట్లు.

సగం వాట్లతో బాస్ ఎలా వినిపించిందని మీకు అనుమానం రావాలి. వాట్లు రెట్టింపైతే శబ్దం పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి కొంచెం తేడా మాత్రమే. పెట్టె ఇచ్చే తేడా అంతకంటే చాలా ఎక్కువ. అప్పటి గిటార్ ఆంపులకు వెనక భాగం తెరిచి ఉండేది. స్పీకర్ కోన్ ముందుకు కదిలినప్పుడు ముందు గాలి నొక్కుకుంటుంది, వెనక గాలి పలచబడుతుంది. మంద్ర స్వరాల్లో ఆ రెండూ పెట్టె అంచు చుట్టూ తిరిగొచ్చి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. పై స్వరాలకు అలా జరగదు, అందుకే గిటార్‌కు ఆ పెట్టె బాగానే పనిచేస్తుంది. బాస్ కలిపితే శబ్దం రాదు సరికదా, వెనక గాలి ఒత్తిడి లేక కోన్ అదుపు తప్పి ఊగుతుంది. గట్టిగా పెడితే వాయిస్ కాయిల్ (కోన్‌ను కదిలించే తీగచుట్ట) రాసుకుని పాడవుతుంది, లేదా కోన్ చిరుగుతుంది. వెనక మూసేసి, లోపల గాలికి చోటుండేలా పెట్టెను పెద్దది చేసి, 15 అంగుళాల కోన్ బిగిస్తే ఈ రెండు బాధలూ పోతాయి. పైగా హైఫై ఆంప్ కిందిస్వరాల్లో తొందరగా చిట్లదు, అంటే శబ్దం గరగరలాడదు. గిటార్ ఆంప్ చిట్లితే ఇంపుగా ఉంటుంది, బాస్ చిట్లితే బురద.

వీళ్లు వాయించిన లివర్‌పూల్ కేవర్న్ క్లబ్ ఎలాంటి చోటో తెలిస్తే ఈ పెట్టెల అవసరం ఇంకా అర్థమవుతుంది. మాథ్యూ స్ట్రీట్‌లో భూమి అడుగున సరుకులు దాచే సెల్లార్ అది. ఇటుక కమానులతో పక్కపక్కనే మూడు సొరంగాలు. మధ్య సొరంగం చివర చిన్న వేదిక. ఇటుక గోడలకు పై స్వరాలు కొట్టుకుని తిరిగొస్తాయి, కిక్కిరిసిన జనం ఒళ్లు వాటిలో కొంత పీల్చుకుంటుంది. మధ్య సొరంగంలో వాళ్లకు అన్నీ వినిపిస్తాయి. పక్క సొరంగాల్లో నిలబడ్డవాళ్లకు సూటిగా రావలసింది రాదు, మూలలు తిరిగి వచ్చేది బాస్, డ్రమ్స్ మోతే. ముగ్గురితో అక్కడ గోడలు అదరగొట్టారంటే దానికి ఈ పెట్టెలు ఒక ముఖ్య కారణం. ఆ పెట్టెల్ని ఇరుకు మెట్ల మీదుగా కిందికి మోసినవాళ్ల సంగతి వేరే.

హచ్ బీటిల్స్‌లో ఉన్నాడా అని ఇంకో ప్రశ్న తరచూ వస్తుంది కాబట్టి అదీ ఇక్కడే తేల్చేస్తాను. లేడు, కానీ రెండు సందర్భాల్లో వాళ్ల వెనక కూర్చున్నాడు. 1960 మే 10న లండన్ నిర్వాహకుడు లారీ పార్న్స్ లివర్‌పూల్ వచ్చి వైవర్న్ సోషల్ క్లబ్‌లో బ్యాండ్లను పరీక్షించాడు. అప్పుడు బీటిల్స్ డ్రమ్మర్ టామీ మూర్ ఆలస్యంగా రావడంతో హచ్ కూర్చున్నాడు. ఆ ఫొటోలు ప్రసిద్ధం. వాటిలో డ్రమ్స్ వెనక విసుగ్గా కనిపించే మనిషి హచ్. రెండోది 1962 ఆగస్టు. పీట్ బెస్ట్‌ను తీసేసిన తర్వాత, రింగో 18న చేరేలోపు, 16న చెస్టర్‌లోనూ 17న బర్కెన్‌హెడ్, న్యూ బ్రైటన్‌లలోనూ హచ్ వాయించాడు. తనను శాశ్వతంగా రమ్మని ఎప్‌స్టీన్ అడిగాడనీ, తాను వద్దన్నాననీ హచ్ తర్వాత చెప్పుకున్నాడు. ఎటు చూసినా వాయించింది అంతే. దాన్ని పట్టుకుని బీటిల్స్ మాజీ డ్రమ్మర్ అని రాయడం అతి.

ఇక మార్పులు. 1962లో ఎప్‌స్టీన్ వీళ్లనూ తన చేతికింద పెట్టుకున్నాడు. ఆ ఏడు వేసవిలో బ్యాండ్ జర్మనీలోని హాంబర్గ్‌లో ఉన్న స్టార్ క్లబ్‌కు వెళ్లింది. గ్రిఫ్ చేరిందీ, బార్బర్ విడిపోయిందీ ఆ ప్రయాణం చుట్టూనే. గ్రిఫ్‌కు హాంబర్గ్ కొత్త కాదు. 1960లో లివర్‌పూల్ నుంచి అక్కడికి మొట్టమొదట వెళ్లిన డెర్రీ అండ్ ది సీనియర్స్‌లో అతను గిటారిస్టు. అదే బ్యాండ్ తర్వాత హోవీ కేసీ అండ్ ది సీనియర్స్ పేరుతో 1962లో ఫాంటానా కంపెనీకి ఎల్పీ కూడా చేసింది. సీనియర్స్ అనే పేరు వచ్చిన మొదటి సందర్భం ఇది, గుర్తుపెట్టుకోండి.

బార్బర్ తిరిగి రాలేదు. స్టార్ క్లబ్‌లోనే వేదిక నిర్వహణ, సౌండ్ పని తీసుకున్నాడు. ఆ డిసెంబరులో బీటిల్స్ అక్కడ వాయించినప్పుడు టేపు చేసింది అతనే. ఇళ్లలో వాడే గ్రుండిగ్ రీల్ రికార్డర్, సెకనుకు 3¾ అంగుళాల వేగం, వేదిక ముందు ఒక మైకు. స్టూడియోలో టేపు సెకనుకు 15 అంగుళాలు నడుస్తుంది. వేగం తగ్గేకొద్దీ టేపు మీద పై స్వరాలకు చోటు తగ్గి బుస పెరుగుతుంది, ఆ రికార్డింగు అలా మూసుకుపోయినట్టు వినిపించడానికి అదొక కారణం. 1977లో అది ఆల్బమ్‌గా వచ్చింది. తన సొంత బ్యాండ్‌ను మాత్రం బార్బర్ ఉండగా ఎవరూ రికార్డుగా తేలేదు.

కాబట్టి డెక్కా స్టూడియోకు వెళ్లినప్పుడు ఉన్నది హచ్, గస్, గ్రిఫ్. హాంబర్గ్‌లో రాత్రులంతా పాడి గొంతులు బొంగురుపోయిన స్థితిలో చేసిన పరీక్ష రికార్డింగు అది. దాన్ని మళ్లీ సరిగా చేస్తామని బ్యాండ్ అడిగింది. కంపెనీ మాత్రం ఆ పరీక్ష టేపునే 1963 మార్చిలో మొదటి సింగిల్‌గా వదిలేసింది. పాట ‘సమ్ అదర్ గై’, డెక్కా కేటలాగ్ నంబరు ఎఫ్ 11614. బ్రిటన్ చార్టులో 37వ స్థానం దగ్గర ఆగింది. ఇది రిచీ బారెట్ 1962లో అమెరికాలో చేసిన పాట. లివర్‌పూల్‌లో దాన్ని వాయించని బ్యాండ్ లేదు. 1962 ఆగస్టు 22న గ్రనాడా టీవీ కేవర్న్‌లో చిత్రించిన బీటిల్స్ పాట కూడా ఇదే. ఆ ఊళ్లో మాత్రం ఈ పాటకు కొలమానం బిగ్ త్రీ అనేవాళ్లు. రికార్డు విని ‘ఇంతేనా?’ అనిపిస్తే ఆశ్చర్యం లేదు. వాయిద్యాలు సన్నగా, దూరంగా ఉంటాయి. పెద్ద పెట్టెల ఊపు ఆ టేపు మీదకు ఎక్కలేదు.

రెండో సింగిల్‌తో అసలు తగువు బయటపడింది. ‘బై ది వే’, ఎఫ్ 11689, 1963 వేసవి, రాసింది మిచ్ మరే. జెర్రీ అండ్ ది పేస్‌మేకర్స్‌కు వరుసగా నంబర్ వన్ పాటలిచ్చిన రచయిత. ఎప్‌స్టీన్ లెక్క తప్పేమీ కాదు: సూట్లు వేయించి, హుషారైన పాప్ పాట ఇస్తే చార్టు ఎక్కుతుంది. ఎక్కింది కూడా, 22వ స్థానం దాకా. బ్యాండ్‌కు దక్కిన అతి పెద్ద హిట్ అదే. కానీ రే చార్ల్స్, చక్ బెరీ పాటలను చెమటలు కక్కుతూ వాయించేవాళ్లకు ఆ పాట పరాయి చొక్కాలా ఉంది. వినండి, తాళం సరిగానే ఉంటుంది, ప్రాణం ఉండదు. క్రమశిక్షణ విషయంలోనూ పొసగక ఆ ఏడాదే ఎప్‌స్టీన్ వీళ్లను వదులుకున్నాడు. అక్టోబరులో మూడో సింగిల్ ‘అయామ్ విత్ యూ’, ఎఫ్ 11752, వచ్చి ఎవరికీ పట్టకుండా పోయింది. నా లెక్కలో ఎప్‌స్టీన్ తప్పు సూట్లు వేయించడం కాదు, వేదిక మీద బతికే బ్యాండ్‌ను వేదిక మీద ముందే రికార్డు చేయించకపోవడం.

ఆ పని చివరికి మీ చేతిలో ఉన్న ఈపీ చేసింది. డీఎఫ్‌ఈ 8552, 1963 నవంబరు. పాటలు నాలుగు: ‘వాట్ డ్ ఐ సే’, ‘డోంట్ స్టార్ట్ రన్నింగ్ అవే’, ‘జిప్-ఎ-డీ-డూ-డా’, ‘రీలిన్ అండ్ రాకిన్’. మొదట్లో బ్యాండ్‌ను పరిచయం చేసే గొంతు కేవర్న్ డీజే బాబ్ వూలర్‌ది. ‘వాట్ డ్ ఐ సే’ ఒక్కదాన్ని మూడుసార్లు, ప్రతిసారీ ఒక్కొక్కరి మీద చెవి పెట్టి వినండి. మొదటిసారి డ్రమ్స్: హచ్ తాళాల మోతను ఆగనివ్వడు, పై భాగమంతా ఆ ఇనుప హోరుతో నిండి ఉంటుంది. రెండోసారి బాస్: గిటార్ ముందుకు వచ్చిన ప్రతిచోటా గస్ ఒకేచోట కూర్చోకుండా పైకీ కిందికీ నడుస్తాడు. మూడోసారి గ్రిఫ్: విడి తీగ వాక్యం ఒకటి అని వెంటనే కార్డు కొట్టి మళ్లీ వాక్యంలోకి వెళ్తాడు. రిథమ్ గిటార్ లేని లోటు ఎలా పూడ్చారో పైన చెప్పిన మూడు దారులూ ఇక్కడ చెవికి దొరుకుతాయి. నాలుగో వాయిద్యం వినిపిస్తోందని ఎవరైనా అంటే అది గోడల ప్రతిధ్వని.

ఇంతలోనే కొంప మునిగింది. ఈపీ దుకాణాలకు వచ్చిన ఆ నవంబరులోనే గస్, గ్రిఫ్ ఇద్దరూ బయటికొచ్చేశారు. మూడు రాళ్ల పొయ్యిలో రెండు రాళ్లు ఒకేసారి లాగేసినట్టయింది. నలుగురైదుగురున్న బ్యాండ్‌లో ఒకరు పోతే మిగతావాళ్లు పాత పాటల జాబితాతో నెట్టుకురాగలరు. ముగ్గురిలో ప్రతివాడూ ఒక వాయిద్యానికి ఏకైక దిక్కు, పైగా పాడే గొంతు. ఇద్దరు పోతే జాబితా, గొంతుల కలయిక, పాట మధ్యలో ఒకరికొకరు చేసుకునే సైగలు, అన్నీ మొదటికొస్తాయి. మిగిలేది పేరు. ఆ పేరు హచ్ దగ్గర ఉండిపోయింది.

వెళ్లినవాళ్లు పెట్టుకున్న కొత్త బ్యాండ్ పేరు సీనియర్స్. ఇది రెండో సీనియర్స్, 1960 నాటి దానికి కొనసాగింపు కాదు. గ్రిఫ్ రెండింట్లోనూ ఉండటంతో తేదీలు చూడకుండా రాసేవాళ్లు రెండింటినీ కలిపేస్తుంటారు. అది ఎక్కువ రోజులు నిలవలేదు. 1964 మొదట్లో గస్ మెర్సీబీట్స్ బ్యాండ్‌లోకి వెళ్లాడు, అక్కడ బిల్లీ కిన్స్‌లీ తప్పుకోవడంతో బాస్ ఖాళీ అయింది. ఆ ఏడాది ‘డోంట్ టర్న్ అరౌండ్’, ‘విషిన్ అండ్ హోపిన్’ రెండూ 13వ స్థానానికి వెళ్లినప్పుడు బ్యాండ్‌లో గస్ ఉన్నాడు. ఏడాది చివరికి కిన్స్‌లీ తిరిగొచ్చాడు.

హచ్ పక్కకు ఫారన్, పాడీ చేంబర్స్ వచ్చారు. ఫారన్ అసలు పేరు బిల్ రఫ్లీ, ఇద్దరూ ఫారన్స్ ఫ్లెమింగోస్ నుంచి వచ్చినవాళ్లే. ఆ బ్యాండ్ ‘డూ యూ లవ్ మీ’ పాటను లివర్‌పూల్‌కు అలవాటు చేసింది, 1963లో దాన్ని నంబర్ వన్ చేసుకున్నది మాత్రం బ్రయన్ పూల్ అండ్ ది ట్రెమెలోస్. ఫారన్ బాస్, పాట, పాడీ గిటార్. 1964 జూన్‌లో వచ్చిన ఆఖరి సింగిల్ ‘ఇఫ్ యూ ఎవర్ చేంజ్ యువర్ మైండ్’, ఎఫ్ 11927. పేరు కొత్తగా ఉన్నా పాట కొత్తది కాదు, శామ్ కుక్ ‘బ్రింగ్ ఇట్ ఆన్ హోమ్ టు మీ’నే మొదటి పంక్తి పేరుతో వేశారు. పాడీ తర్వాత గిటార్ పాల్ పిల్నిక్ పట్టుకున్నాడు. 1966కల్లా బ్యాండ్ ముగిసింది. పాడీ ఆనక క్లాస్ వూర్‌మన్, గిబ్సన్ కెంప్‌లతో ఇంకో ముగ్గురి బ్యాండ్‌లో తేలాడు, పిల్నిక్ స్టీలర్స్ వీల్ బ్యాండ్ మొదటి ఆల్బమ్‌లో వినిపిస్తాడు.

ఇలాంటి బ్యాండ్ ఏది చేతికొచ్చినా మనుషుల లెక్క తేల్చడానికి ఒక పద్ధతి పెట్టుకోండి. ఒక కాగితం మీద అడ్డంగా నెలలు, నిలువుగా వాయిద్యాలు గీయండి. ప్రతి గడిలో పేరు రాసేముందు ఆ సమాచారం ఏ తేదీదో చూడండి. రికార్డింగు తేదీ, విడుదల తేదీ, చార్టు తేదీ, ఫొటో అచ్చైన తేదీ నాలుగూ వేరు. ఎక్కువ తప్పులు జరిగేది విడుదల తేదీని రికార్డింగు తేదీగా తీసుకున్నప్పుడు. ‘అయామ్ విత్ యూ’ అక్టోబరులో వచ్చింది కాబట్టి సరే. కానీ నవంబరు ఈపీని చూసి, ఆ నెలలోనే ఫారన్ వచ్చాడు కదా అని బాస్ గడిలో అతని పేరు రాసేస్తే పప్పులో కాలేసినట్టే. ఒకే మనిషి ఒకే నెలలో రెండు బ్యాండ్లలో కనిపిస్తే పక్క బ్యాండ్ తేదీలతో సరిచూడండి. గస్ విషయంలో మెర్సీబీట్స్ తేదీలు ఇలాగే పనికొస్తాయి. ఫొటోల్లో బార్బర్ కనిపిస్తే అది 1962 వేసవి దాకా తీసింది, రికార్డు కాలానిది కాదు. ఆ తర్వాత దశాబ్దాల్లో వచ్చిన సంకలనాల కవర్ల మీద లోపలి పాటలకు సంబంధం లేని ఫొటో వేసి ఉండొచ్చు, అట్ట చూసి పేర్లు నిర్ధారించకండి.

మీ ప్రతి 1963 నాటిదేనా అని కూడా అడిగారు. డెక్కా లేబుల్ చూడండి. ఆ ఏళ్లలో డెక్కా పేరు చుట్టూ గీత లేకుండా ఉంటుంది. పేరు చుట్టూ చతురస్రపు గీత ఉంటే అది సుమారు 1966 తర్వాత అచ్చేసిన ప్రతి. కేటలాగ్ నంబరు మారదు కాబట్టి నంబరు చూసి మొదటి ముద్రణ అనుకోకూడదు. పాట అయిపోయాక లేబుల్ దాకా ఉండే నున్నటి భాగంలో గీసిన మాట్రిక్స్ నంబరు, లేబుల్ మీద ఉన్నదీ ఒకటేనా చూసుకోండి.

వినేటప్పుడు ఇది మోనో రికార్డని మరిచిపోవద్దు. ఇప్పటి స్టీరియో కార్ట్రిడ్జితో (సూది బిగించి ఉండే భాగం) మోనో రికార్డు వేస్తే సూది అడ్డంగా కదిలేది పాట, నిలువుగా కదిలేది దుమ్ము, గీతలు. ఆంప్ మీద మోనో మీట నొక్కితే ఆ నిలువు కదలిక రద్దై చిటపటలు బాగా తగ్గుతాయి. మీట లేకపోతే కంప్యూటర్‌లోకి ఎక్కించాక కుడి, ఎడమ చానెళ్లు కలిపి సగం చేయండి. కలిపాక గిటార్, సింబల్స్ డొల్లగా, డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటే రెండు చానెళ్లకూ మధ్య కాస్త కాలవ్యత్యాసం ఉందన్నమాట, కార్ట్రిడ్జి ఒకవైపు వంగి ఉందేమో చూడండి. వేగం నిమిషానికి 45 చుట్లు. బాస్ విడిగా వినాలంటే 250 హెర్ట్జ్ పైన ఉన్నదంతా ఈక్వలైజర్‌లో తగ్గించండి. గస్ అడుగులు అప్పుడు స్పష్టంగా తెలుస్తాయి.

తర్వాత ఎవరేమయ్యారో రెండు ముక్కలు. కాసర్ 1963లో కేసీ జోన్స్ అండ్ ది ఇంజినీర్స్ పెట్టాడు, అందులో కొద్ది వారాలు ఎరిక్ క్లాప్టన్ ఉన్నాడు. తర్వాత జర్మనీలో కేసీ జోన్స్ అండ్ ది గవర్నర్స్‌గా పేరు తెచ్చుకున్నాడు. బార్బర్ అమెరికా వెళ్లి అట్లాంటిక్ కంపెనీలో ఇంజినీరయ్యాడు. ఆల్‌మన్ బ్రదర్స్ తొలి ఆల్బమ్, ఏరోస్మిత్ తొలి ఆల్బమ్ నిర్మించింది ఈ శవపేటికల బార్బరే. గస్ ‘జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్’ 1970 ఆల్బమ్‌లో సైమన్ జెలోటిస్‌గా పాడాడు, క్వాటర్‌మాస్ అనే బ్యాండ్‌లో వాయించాడు. రాక్సీ మ్యూజిక్ ‘లవ్ ఈజ్ ది డ్రగ్’లో ఆ నడిచే బాస్ అతనిదే. మీ ఈపీ విన్న చెవితో అది వినండి, ఖాళీని పట్టుకుని తిరిగే అదే అలవాటు కనిపిస్తుంది. అతను 2014లో, హచ్ 2019లో పోయారు.

1973లో ‘రిసరెక్షన్’ అని బిగ్ త్రీ పేరుతో పాలిడోర్ ఆల్బమ్ ఒకటి ఉంది. కొనేముందు తెలుసుకోండి: అందులో గస్, గ్రిఫ్ ఉన్నారు, డ్రమ్స్ మాత్రం ఎల్టన్ జాన్ బ్యాండ్ నైజెల్ ఓల్సన్. హచ్ అప్పటికే సంగీతం మానేశాడు. పేరు పట్టుకుని మూడేళ్లు నడిపినవాడు లేని బిగ్ త్రీ అది. సరదాకి వినొచ్చు, 1963 శబ్దం కోసం డబ్బు పెట్టకండి. అదనంగా ఒకటి కొనాలనుకుంటే సింగిల్స్, ఈపీ ఒకచోట చేర్చి ఎడ్సెల్ కంపెనీ 1980లలో వేసిన ‘కేవర్న్ స్టాంప్’ ఎల్పీ చూడండి. ముందు ఈపీ నాలుగు పాటలు విని, ఆ తర్వాత సింగిల్స్ వినండి. వరుస తిరగేస్తే ‘బై ది వే’ దగ్గరే ఆగిపోతారు.